అమ్మానాన్నలతో, ఏడేళ్ల పాపతో 11 రాత్రుల బ్రిటన్ యాత్ర: ఏ ఊరు ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి, హోటల్ ఎక్కడ తీసుకోవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. హైదరాబాద్ నుంచి ఐదుగురు: మీ దంపతులు, 66 ఏళ్ల నాన్నగారు, 62 ఏళ్ల అమ్మగారు, ఏడేళ్ల పాప. మే చివరి వారంలో బయల్దేరి 11 రాత్రులు ఉంటారు. అందరూ శాకాహారులు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. జాబితాలో లండన్, ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్, బాత్, మాంచెస్టర్, లేక్ డిస్ట్రిక్ట్, యార్క్, ఎడిన్‌బరా, లాక్ నెస్ ఉన్నాయి. కోటలు, చర్చిలు, పాత కట్టడాలు చూడటమే ముఖ్యమన్నారు.

తొమ్మిది చోట్లు 11 రాత్రుల్లో పట్టవు. బ్రిటన్ చిన్న దేశమే, రైళ్లూ వేగంగానే వెళ్తాయి. సమయం తినేసేది ప్రయాణం కాదు, హోటల్ మారడం. చాలా హోటళ్లలో పొద్దున 11 లోపు గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడు దాటాక గానీ గది ఇవ్వరు. ఆ మధ్యలో ఐదుగురి పెట్టెలతో స్టేషన్లో నిలబడాలి. అంటే హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు పోయినట్టే. అందుకే ఊళ్లు లెక్కపెట్టకుండా రాత్రులు లెక్కపెట్టండి. మూడే హోటళ్లు పెట్టుకోండి: లండన్లో 6 రాత్రులు, యార్క్‌లో 2, ఎడిన్‌బరాలో 3. ఈ మూడూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు రెండు గంటలు, యార్క్ నుంచి ఎడిన్‌బరాకు రెండున్నర. వెళ్లిన దారిలో వెనక్కి రావక్కర్లేదు.

వెనక్కి రాకుండా ఉండాలంటే విమాన టికెట్ కూడా అలాగే తీసుకోవాలి. మల్టీ సిటీ అనే ఆప్షన్లో హైదరాబాద్ నుంచి లండన్, ఎడిన్‌బరా నుంచి హైదరాబాద్ అని వెతకండి. ఎడిన్‌బరా నుంచి దుబాయ్‌కి ఎమిరేట్స్, దోహాకి ఖతార్ నడుస్తాయి, రెండూ హైదరాబాద్ వస్తాయి. రానూపోనూ లండన్ టికెట్ నాలుగు వేలు తక్కువగా కనబడగానే తీసుకోవద్దు. ఎడిన్‌బరా నుంచి లండన్‌కు ఐదుగురి రైలు ఖర్చు, నాలుగున్నర గంటల సమయం, ఇంకో రాత్రి హోటల్ అద్దె కలిపి చూస్తే అదే ఖరీదైనదని తేలుతుంది.

తేదీలు కొంచెం జరపగలిగితే జరపండి. మే చివరి సోమవారం అక్కడ బ్యాంక్ సెలవు, ఇంగ్లండ్ బళ్లకు ఆ వారమంతా హాఫ్ టర్మ్ సెలవులు. టవర్ ఆఫ్ లండన్, యార్క్ లాంటి చోట్ల పిల్లలతో కిటకిటలాడుతుంది, గదుల అద్దెలూ పెరుగుతాయి. జూన్ మొదటి రెండు వారాలు మేలు. వాళ్ల బళ్లు నడుస్తుంటాయి, లండన్లో సాయంత్రం తొమ్మిది దాటేదాకా, ఎడిన్‌బరాలో పది దాకా వెలుతురుంటుంది.

వారంలో ఏ రోజు విమానం ఎక్కుతారనేది కూడా డబ్బు విషయమే. యార్క్, ఎడిన్‌బరా వారాంతంలో ఖరీదు. శుక్ర, శనివారాల్లో పెళ్లికి ముందు పార్టీల గుంపులు దిగుతాయి, కొన్ని హోటళ్లు రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వవు కూడా. లండన్లో ఆఫీసులెక్కువున్న పేటల్లో దీనికి తిరగబడి ఉంటుంది, ఆదివారం రాత్రి చవక. కాబట్టి మంగళవారం లండన్లో దిగేలా చూసుకోండి. మంగళవారం నుంచి ఆదివారం రాత్రి దాకా లండన్, సోమ, మంగళ యార్క్, బుధ, గురు, శుక్ర ఎడిన్‌బరా, శనివారం విమానం. వారాంతపు అద్దె బయటి ఊళ్లో ఒక్క శుక్రవారానికే పడుతుంది. పైగా రైలు పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆదివారాల్లో, బ్యాంక్ సెలవుల్లో పెడతారు. మీ పొడవాటి ప్రయాణాలు సోమవారం, బుధవారం పడ్డాయి కనుక ఆ బెడద ఉండదు.

ఇప్పుడు వీసా. ఇక్కడే చాలామంది వరుస తప్పుతారు. మీకు కావలసింది స్టాండర్డ్ విజిటర్ వీసా. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పాపతో సహా ఐదుగురికీ విడివిడిగా దరఖాస్తు, విడివిడిగా రుసుం. 2025 ఏప్రిల్లో ఆరు నెలల వీసాకు తలకు 127 పౌండ్లు చేశారు, ఆ తర్వాత మారి ఉండొచ్చు, కట్టే రోజున ప్రభుత్వ సైట్లో ఉన్న మొత్తమే లెక్క. హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలిచ్చాక మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. షెంగెన్ వీసా ఉన్నా బ్రిటన్‌కు పనికిరాదు. అధికారులు చూసేది ముఖ్యంగా రెండు: తిరిగొస్తారన్న నమ్మకం, డబ్బు ఎక్కడిదన్న స్పష్టత. ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఆఫీసు సెలవు పత్రం, ఐటీ రిటర్నులు పెట్టండి. అమ్మానాన్నల ఖర్చు మీరు భరిస్తుంటే ఆ మాట రాసి సంతకం చేసిన లేఖ, మీకు వాళ్లతో బంధుత్వం చూపే పత్రం జతచేయండి. దరఖాస్తుకు ముందు వారం ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో ఐదు లక్షలు వేయడం పెద్ద పొరపాటు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని సొమ్ము ఖాతాలో ఉండటం కంటే తక్కువ నిల్వ ఉండటమే నయం.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఉచితంగా రద్దు చేసుకోగల హోటళ్లు బుక్ చేయండి. తర్వాత వీసా, అది చేతికొచ్చాక విమానం, ఆ వెంటనే రైళ్లు. చౌకగా దొరికే అడ్వాన్స్ రైలు టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు విడుదలవుతాయి, వాటికి డబ్బు వెనక్కి రాదు. వీసా రాకముందే అవి కొనడం అనవసరపు సాహసం. ఆరేడు వారాల ముందు కొన్నా మంచి ధరలే దొరుకుతాయి.

రైళ్ల దగ్గర మీకొక మంచి వెసులుబాటుంది, పాప వయసు వల్ల. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ అని ఒకటుంది, ఏడాదికి 35 పౌండ్లు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఒక్కరైనా వెంట ఉంటే నలుగురు పెద్దల దాకా మూడో వంతు తగ్గుతుంది, పిల్లల టికెట్ పెద్దల ధర మీద 60 శాతం తగ్గుతుంది. విదేశీయులు కూడా కొనుక్కోవచ్చు. లెక్క చూడండి: టికెట్ తలకు 45 పౌండ్లనుకుంటే నలుగురికి 180, పాపకు సగం ధర 22.50, మొత్తం 202.50. కార్డుతో పెద్దలకు 120, పాపకు 18, మొత్తం 138. ఒక్క ప్రయాణంలోనే కార్డు ఖరీదు వచ్చేసింది. అమ్మానాన్నలకు 60 దాటాయని సీనియర్ కార్డులు వేరేగా కొనక్కర్లేదు. రెండు జాగ్రత్తలు. కార్డులో పేరున్న మనిషి, పాప ఇద్దరూ ఆ రైల్లో ఉండాలి. ఫోన్లో కార్డు తెరిచి చూపించలేకపోతే, ఛార్జి అయిపోయినా సరే, టికెట్ చెల్లనట్టే. లండన్ చుట్టుపక్కల వారపు రోజుల్లో ఉదయం రద్దీ వేళ ఇది చెల్లదు కనుక తొమ్మిదిన్నర తర్వాతి బళ్లు చూసుకోండి. విదేశీయుల కోసం అమ్మే బ్రిట్‌రైల్ పాస్ రోజూ ఊరు మారేవాళ్లకు, మీకు కాదు.

అడ్వాన్స్ టికెట్ అంటే ఆ ఒక్క బండికే. తప్పితే టికెట్ పోయినట్టే, మరో బండి ఎక్కనివ్వరు. కింగ్స్ క్రాస్‌లో ప్లాట్‌ఫాం నంబరు బయల్దేరడానికి పది, పదిహేను నిమిషాల ముందే బోర్డు మీద పడుతుంది, రెండు నిమిషాల ముందు తలుపులు మూస్తారు. కూలీలుండరు. ఒక్కొక్కరు తమ పెట్టె తామే ఎత్తగలిగేలా ఉండాలి, 15 కిలోలు మించకపోతే మంచిది. యార్క్ నుంచి ఎడిన్‌బరా వెళ్లేటప్పుడు బండి పోయే దిక్కుకు కుడివైపు సీట్లు ఎంచుకోండి. డరమ్ కెథీడ్రల్, న్యూకాసిల్లో టైన్ నది వంతెనలు, బెరిక్ దాటాక సముద్రం అన్నీ అటే వస్తాయి. ఆ గంట ప్రయాణం ఏ టూర్ టికెట్‌కూ తీసిపోదు.

లండన్లో హోటల్ కింగ్స్ క్రాస్, యూస్టన్, బ్లూమ్స్‌బరీ పేటల మధ్య తీసుకోండి. హీత్రో నుంచి పికడిల్లీ మెట్రో నేరుగా కింగ్స్ క్రాస్ వస్తుంది, దాదాపు గంట. యార్క్ బండి ఎక్కేది అక్కడే, బ్రిటిష్ మ్యూజియం నడిచిపోయే దూరం. యూస్టన్ వెనకున్న డ్రమండ్ స్ట్రీట్‌లో దశాబ్దాలుగా శాకాహార భారతీయ హోటళ్లున్నాయి. హైడ్ పార్క్ పక్కన అందంగా కనబడే తెల్లటి పాత ఇళ్ల హోటళ్లు చవకే కానీ చాలావాటికి లిఫ్ట్ ఉండదు. ఉన్నా కొన్నిసార్లు మూడో అంతస్తు దాకే, పై మెట్లు మనమే ఎక్కాలి. అమ్మగారి మోకాళ్లకు అది కుదరదు.

బుక్ చేసే ముందు హోటల్‌కు మెయిల్ రాసి ఈ నాలుగూ అడగండి: మా గది అంతస్తు దాకా లిఫ్ట్ వస్తుందా, స్నానానికి టబ్బు దాటాలా లేక నేలమట్టంగా షవర్ ఉందా, ఏసీ ఉందా, కిటికీ ఉందా. చివరి ప్రశ్న వింతగా అనిపించొచ్చు, కానీ లండన్ నడిబొడ్డున చవకగా ఉండే చిన్న గదులు కొన్నింటికి కిటికీయే ఉండదు. టబ్బు అంచు మోకాలెత్తు ఉంటుంది, పెద్దవాళ్లు జారిపడేది అక్కడే. డబుల్ అంటే ఒకే మంచం, అది మన క్వీన్ సైజు కంటే ఇరుకు. ట్విన్ అంటే రెండు విడి మంచాలు. ఫ్యామిలీ రూమ్ మామూలుగా ఇద్దరు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు. అందులో ముగ్గురు పెద్దల్ని సాధారణంగా ఉండనివ్వరు. మీకు ఒక ఫ్యామిలీ రూమ్, ఒక ట్విన్ కావాలి. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి గొలుసు హోటళ్లు హంగులేమీ లేకపోయినా శుభ్రంగా ఉంటాయి. అందులో అతి చవక రేటు రద్దు చేస్తే తిరిగిరాదు, వీసా వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఆరు రాత్రులు ఒకేచోట కాబట్టి లండన్లో చిన్న వంటగది ఉండే అపార్ట్‌హోటల్ కూడా చూడండి. రాత్రికి అన్నం, పప్పు వండుకోగలిగితే పెద్దవాళ్లు వారం రోజులు హుషారుగా తిరుగుతారు. హోటల్లో డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, దానికి ఫారెక్స్ కార్డు కాకుండా క్రెడిట్ కార్డు ఇవ్వండి. లేకపోతే మీ ఖర్చుల డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది.

చారిత్రక హోటళ్లలో ఉండాలని కూడా రాశారు. ఈ దారిలో అసలైనవి రైల్వే హోటళ్లే. సెయింట్ పాంక్రస్ స్టేషన్ ముందున్న ఎర్రటి కోటలాంటి భవనం 1873లో మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్‌గా తెరిచింది, కట్టింది జార్జ్ గిల్బర్ట్ స్కాట్. యార్క్‌లో గ్రాండ్ హోటల్ 1906లో నార్త్ ఈస్టర్న్ రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయంగా కట్టినది. ఎడిన్‌బరాలో వేవర్లీ స్టేషన్ మీద నిలబడ్డ బాల్మోరల్ 1902 నాటిది. దాని గడియారం ఇప్పటికీ మూడు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతారు, ప్రయాణికులు బండి తప్పిపోకూడదని. ఐదుగురికి ఆ గదుల అద్దె చాలా ఎక్కువ. ఉండాలన్న కోరిక గట్టిదైతే ఒక్క రాత్రి యార్క్‌లో, సోమవారమో మంగళవారమో తీసుకోండి, మూడింట్లో అదే అందుబాటు. లేదంటే మధ్యాహ్నపు టీకి వెళ్లండి. శాకాహారమని బుకింగ్ అప్పుడే చెప్పాలి, అక్కడికెళ్లాక చెబితే కుదరదు.

చూడాల్సిన వాటికి ముందు మూసి ఉండే రోజులు రాసుకోండి, మిగతావి వాటి చుట్టూ సర్దుకుంటాయి. వెస్ట్‌మినిస్టర్ అబీ, సెయింట్ పాల్స్ ఆదివారం సందర్శకులకు మూసేస్తారు, ప్రార్థనకైతే ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. విండ్సర్ కోట మంగళ, బుధ మూత, అందులోని సెయింట్ జార్జ్ చాపెల్ ఆదివారం మూత. బకింగ్‌హామ్ రాజభవనం ముందు కాపలా మార్పు సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో 11 గంటలకు. ఎడిన్‌బరా కోటలో ఒంటిగంట ఫిరంగి ఆదివారం పేలదు.

ఆ లెక్కన మంగళవారం విశ్రాంతి. మన గడియారం నాలుగున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అందరూ తెల్లవారుజామున మూడింటికే లేస్తారు, సాయంత్రం ఏడుకు కళ్లు మూతలు పడతాయి. మొదటి రెండు రోజులు సాయంత్రాలకేమీ టికెట్లు కొనొద్దు. బుధవారం పదింపావుకు రాజభవనం దగ్గరుండి కాపలా మార్పు, మధ్యాహ్నం అబీ. గురువారం బాత్. శుక్రవారం టవర్ ఆఫ్ లండన్. శనివారం విండ్సర్ గానీ ఊరికే నదీ తీరం గానీ. ఆదివారం గ్రీనిచ్ దాకా పడవ, తిరిగొచ్చేటప్పుడు తూర్పున ఈస్ట్ హామ్‌లో ఇడ్లీ, దోసె.

టవర్‌కు తొమ్మిదింటి టికెట్ తీసుకుని, గేటు దాటగానే ఇంకెక్కడా ఆగకుండా నేరుగా రాజుల కిరీటాలు, నగలు ఉంచిన జ్యువెల్ హౌస్‌కు నడవండి. పదకొండు దాటితే అక్కడ క్యూ గంట దాకా పెరుగుతుంది. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే కోహినూర్ అక్కడ 1937లో రాణి ఎలిజబెత్ కోసం, అంటే మొన్నటి రాణి తల్లి కోసం, చేసిన కిరీటంలో ఉంది. 105.6 క్యారట్లు. ముందున్న కదిలే పట్టీ మీద నిలబడితే అర నిమిషంలో దాటేస్తారు, కాబట్టి చివరికెళ్లి మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి ఎక్కండి, ఎవరూ ఏమనరు. వైట్ టవర్ లోపల ఇరుకు మెలికల మెట్లు, అమ్మగారు బయట కూర్చోవడం మంచిది. ఎర్ర అంచుల దుస్తుల్లో ఉండే యోమన్ వార్డర్లు, అంటే టవర్ కాపలాదారులు, చూపించే టూర్ టికెట్లోనే కలిసి ఉంటుంది, పాప చెవులప్పగించి వింటుంది.

ఆ శుక్రవారమే సాయంత్రం బ్రిటిష్ మ్యూజియం పెట్టుకోండి. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, ప్రవేశం ఉచితం, జనం పలచబడతారు. తెలుగువాళ్లు ముందు వెళ్లాల్సింది 33ఏ గదికి. అమరావతి మహాచైత్యం శిల్పాలు నూటికి పైగా అక్కడున్నాయి. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి చాలా ఉన్నాయి, మద్రాసులో కొన్నేళ్లు ఎండకు వానకు పడి ఉండి, తర్వాత లండన్ చేరాయి. పల్నాటి సున్నపురాతి మీద రెండు వేల ఏళ్ల కిందటి ఆ బొమ్మలు చూడకుండా ఈజిప్టు మమ్మీల దగ్గర ఫోటోలు దిగి వచ్చేయడం నిజంగా బాధ కలిగించే విషయం. గది 33 చివర ఎడంగా ఉండటంతో చాలామందికి కనబడదు, మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. అరగంట కాదు, గంట కేటాయించండి.

లండన్ మెట్రో, బస్సుల్లో కాంటాక్ట్‌లెస్ కార్డు చాలు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు తాకించాలి. అదే కార్డు ఫోన్లో ఒకసారి, చేతిలోది ఒకసారి వాడితే యంత్రం రెండు వేరు కార్డులనుకుంటుంది, రోజువారీ గరిష్ఠ పరిమితి వర్తించదు, రెండుసార్లూ పూర్తి ఛార్జీ పడుతుంది. పాపకు 11 నిండలేదు కనుక మీ వెంట ఉచితం, వెడల్పు గేటు దగ్గర సిబ్బందిని అడగండి. కార్డు యంత్రం రూపాయల్లోనా పౌండ్లలోనా అని అడిగితే ఎప్పుడూ పౌండ్లే నొక్కండి.

బాత్‌కు ప్యాడింగ్టన్ నుంచి గంటన్నర. రోమన్ స్నానవాటిక లోపల 46 డిగ్రీల నీరు రోజుకు పది లక్షల లీటర్లకు పైగా ఊరుతూనే ఉంటుంది, కానీ అందులో దిగనివ్వరు. చివర్లో ఆ నీళ్లు రుచి చూడొచ్చు. అక్కడి నుంచి రాయల్ క్రెసెంట్ ఇరవై నిమిషాల ఎత్తు దారి, అమ్మగారికి టాక్సీ పెట్టండి. 1767 నుంచి 1774 దాకా కట్టిన 30 ఇళ్ల అర్ధచంద్రం అది. స్టోన్‌హెంజ్, బాత్ ఒకే రోజులో చూపిస్తామనే బస్సు టూర్లలో బాత్‌కు మిగిలేది రెండు గంటలే. రెంట్లో ఒకటే ఎంచుకోండి. స్టోన్‌హెంజే కావాలంటే వాటర్లూ నుంచి గంటన్నరలో సాల్స్‌బరీ, అక్కడ స్టేషన్ ముందే టూర్ బస్సు. సాల్స్‌బరీ కెథీడ్రల్లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రం మాగ్నా కార్టా మిగిలిన నాలుగు ప్రతుల్లో ఒకటుంది కనుక ప్రయాణం వృథా పోదు.

యార్క్ చిన్న ఊరు, నడకతో అయిపోతుంది. మిన్‌స్టర్ అనే అక్కడి పెద్ద కెథీడ్రల్లో 1405 నుంచి 1408 దాకా జాన్ థార్న్‌టన్ చేసిన తూర్పు గాజు కిటికీ చూడండి. గోపురమెక్కితే 275 మెట్లు, అది మీరిద్దరూ వంతులవారీగా. ఊరి ప్రాకారం ఉచితం. మొత్తం నడవక్కర్లేదు, బూథమ్ బార్ అనే కోట ద్వారం నుంచి మంక్ బార్ ద్వారం దాకా ఉన్న ముక్క చాలు, మిన్‌స్టర్ అత్యంత అందంగా కనబడేది అక్కడినుంచే. స్టేషన్ వెనక రైల్వే మ్యూజియం కూడా ఉచితం. 1938లో గంటకు 126 మైళ్లతో ఆవిరి ఇంజన్ల రికార్డు సృష్టించిన మాలర్డ్ అక్కడుంది. హోటల్ మాత్రం స్టేషన్‌కు దగ్గర్లో కొత్త భవనంలో తీసుకోండి. షాంబుల్స్ అనే పాత వీధి చుట్టుపక్కల ఇళ్లలో నేల ఓరగా, మెట్లు నిటారుగా ఉంటాయి.

ఎడిన్‌బరాలో మ్యాప్ మోసం చేస్తుంది. పాత ఊరు రెండు అంతస్తుల్లో ఉంటుంది, మ్యాప్‌లో కూడలిలా కనబడేది నిజానికి ఒక వీధి మీదుగా ఇంకో వీధి వంతెనై పోతుండటం. 200 మీటర్లని చూపించిన హోటల్‌కు పెట్టెలతో 80 మెట్లు ఎక్కాల్సి రావచ్చు. హేమార్కెట్ వైపు తీసుకోండి. నేల చదునుగా ఉంటుంది, మీ బండి వేవర్లీ తర్వాత అక్కడ ఆగకపోతే ట్రామ్ ఎక్కండి, విమానాశ్రయానికి పోయేదీ ఆ ట్రామే. 2026 జులై 24 నుంచి గది అద్దె మీద నగరం 5 శాతం సందర్శకుల పన్ను వేస్తోంది, వరుసగా ఐదు రాత్రుల దాకా. ఆగస్టు అక్కడ కళల పండుగల నెల, అప్పుడు గదుల ధర చెప్పనలవి కాదు.

కోట టికెట్ ఆన్‌లైన్లో ముందే, ఉదయం మొదటి వేళకు తీసుకోండి. లోపల రాళ్లు పరిచిన ఎత్తు దారి. నడవలేని వాళ్లను పైకి తీసుకెళ్లే చిన్న వాహనం ఉంటుంది, గేటు దగ్గర అడగాలి. స్కాట్లండ్ రాజుల పట్టాభిషేక శిల అక్కడే ఉందని పాత పుస్తకాలు చెబుతాయి, 2024లో దాన్ని పెర్త్‌కు తరలించారు. ఊరంతా కనబడాలంటే 251 మీటర్ల ఆర్థర్స్ సీట్ వద్దు, కాల్టన్ హిల్ ఎక్కండి. లాక్ నెస్ బస్సు టూర్ పన్నెండు గంటలు, అందులో ఎక్కువ భాగం సీట్లోనే గడుస్తుంది, చూసేది ఒక పొడవాటి చెరువు. దానికి బదులు గురువారం స్టర్లింగ్ కోటకు వెళ్లండి, రైల్లో 50 నిమిషాలు. ఎడిన్‌బరాకు తిరిగొచ్చాక ఓపికుంటే ఇంకో రైలెక్కి డాల్మెనీ స్టేషన్లో దిగి 1890 నాటి ఫోర్త్ వంతెనను కింది నుంచి చూడండి.

శనివారం విమానాశ్రయంలో పన్ను వెనక్కిచ్చే కౌంటర్ కోసం వెతకొద్దు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో 2021 నుంచి ఆ పథకం లేదు, కొన్నవి పెట్టెల్లో సర్దేసుకోవచ్చు.